తుపాను రాత్రి జనరేటర్, పురిటి గదిలో కుంపటి: ఒక వైద్యుడి సమాధానం

మీరు రాసిన విషయం ముందుగా క్లుప్తంగా చెబుతాను, మిగతా వారికి కూడా అర్థమవుతుంది. మీది పాలకొల్లు దగ్గర ఊరు. గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది. వానకు తడుస్తుందని పెట్రోలు జనరేటర్‌ను వెనుక వసారాలో పెట్టి, తలుపు సందులోంచి వైరు లాగి రాత్రంతా నడిపారు. తెల్లవారేసరికి ఇంట్లో నలుగురికీ తలనొప్పి, వాంతులు. మీ అమ్మగారు పెరటి గుమ్మం దగ్గర స్పృహ తప్పి పడిపోయారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టే యంత్రం 98 చూపించింది. తిన్నది పడలేదని చెప్పి మందులిచ్చి పంపారు. ఇది జరిగి వారమైంది. మీ భార్యకు ఎనిమిదో నెల. కాన్పు అయ్యాక గదిలో కుంపటి పెట్టాల్సిందేనని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. ఆ రాత్రి జరిగింది విషవాయువు వల్లేనా, కుంపటి పెట్టవచ్చా, అలారం కొనాలా అని అడిగారు.

నేను గోదావరి జిల్లాల్లో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా రోగనిర్ధారణ చేయలేను కానీ, మీరు రాసింది చదివితే అది బొగ్గు, పెట్రోలు వంటివి మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువేనని నాకు దాదాపు నమ్మకం కలిగింది. నలుగురికి ఒకేసారి వచ్చింది. జ్వరం లేదు, విరేచనాలు లేవు. బయట అరుగు మీద కూర్చున్న గంటకల్లా ముగ్గురికి తల తేలికపడిందని మీరే రాశారు. తిండి వల్ల వచ్చిన వాంతులు వీధిలోకి వెళ్లినంత మాత్రాన తగ్గవు.

అందుకే మిగతాదంతా చదవక ముందే ఒక పని చేయండి. మీ భార్యను ఈ రోజే, రేపటికి వాయిదా వేయకుండా, కాన్పుల వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లండి. ఆ రాత్రి ఆమెకు తలనొప్పి మాత్రమే వచ్చిందని ఊరుకోవద్దు. ఈ వాయువు మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలోకి వెళుతుంది. అక్కడ తల్లి రక్తంలో కన్నా ఎక్కువ పేరుకుంటుంది, వదలడానికీ ఎక్కువ సమయం పడుతుంది. తల్లి తేరుకున్నంత మాత్రాన బిడ్డ కూడా తేరుకున్నట్టు కాదు. వారం గడిచింది కాబట్టి ఇప్పుడు రక్తం తీసినా ఆ వాయువు జాడ కనిపించదు. బిడ్డ కదలికలు, గుండె కొట్టుకోవడం, స్కానింగ్ చూడాలి. "వారం క్రితం రాత్రంతా ఇంటికి ఆనుకుని జనరేటర్ నడిచింది, అందరికీ వాంతులయ్యాయి" అని లోపలికి వెళ్లగానే చెప్పండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎంత మంచి డాక్టరైనా మరో దిక్కున ఆలోచిస్తారు.

ఇక ఆ 98 సంగతి. ప్రాణవాయువు బాగానే ఉందని యంత్రం చెప్పింది కదా, మరి అమ్మ ఎందుకు పడిపోయింది అని మీరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పాయ వశిష్ఠను దాటించే పంటును, అంటే ఆ పెద్ద పడవను తలచుకోండి. రక్తంలోని హీమోగ్లోబిన్ అలాంటి పంటు. ఊపిరితిత్తుల రేవులో ఆక్సిజన్‌ను ఎక్కించుకుని, మెదడు, గుండె, కండరాల రేవుల్లో దించుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆ పంటును ఆక్సిజన్ కన్నా సుమారు 200 నుంచి 250 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కితే ఒక పట్టాన దిగదు. పక్కన కూర్చున్న ఆక్సిజన్‌ను కూడా సులువుగా దిగనివ్వదు. గాలిలో ఆక్సిజన్‌కు కొదవ లేదు, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ అవతలి రేవులో దిగేవాళ్లే ఉండరు.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ గట్టు మీద నిలబడి పంటు నిండిందా లేదా అని మాత్రమే చూస్తుంది. కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. అది వాడే ఎర్రని కాంతికి ఆక్సిజన్ ఎక్కిన రక్తం, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తం దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే మనిషి స్పృహ తప్పే స్థితిలో ఉన్నా 97, 98 అని చూపిస్తుంది. కోవిడ్ రోజుల నుంచి ఇంటింటా ఆ యంత్రం ఉంది, దాని అంకె మీద అందరికీ గురి కుదిరింది. ఈ ఒక్క విషయంలో దాన్ని నమ్మకండి. కావలసింది రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హీమోగ్లోబిన్ శాతం చూసే పరీక్ష. ఆ పరికరం లేని ఆసుపత్రులు మన దగ్గర చాలా ఉన్నాయి. అది లేకపోయినా అనుమానం రాగానే ఆక్సిజన్ పెట్టడం మొదలుపెట్టాలి, పరీక్ష కోసం ఆగకూడదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. గర్భిణికి అంతకన్నా ఎక్కువ సేపు ఇవ్వాలి.

మిమ్మల్ని తిప్పి పంపిన డాక్టరుగారి మీద కోపం పెంచుకోకండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నేను వైద్యంలోకి వచ్చి కొద్ది కాలమే. తోటలకు తోటలు కొబ్బరిచెట్లు నేలకూలాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ వారంలో ఒక కుటుంబం వాంతులతో వచ్చింది. ఇంట్లో ఒకే గదికి పైకప్పు మిగిలితే అందరూ అందులో తలుపులు వేసుకుని, తడిబట్టలు ఆరడానికి కొబ్బరి చిప్పల నిప్పులతో కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తుపాను తర్వాత వాంతులంటే నీళ్లు పాడయ్యాయనే మాకు తోచేది. నేనూ అదే అనుకుని సెలైన్ పెట్టించి, సాయంత్రానికి తేరుకున్నాక ఇంటికి పంపాను. వాళ్లు మళ్లీ అదే గదికి, అదే కుంపటి దగ్గరకు వెళ్లారు. మర్నాడు పొద్దున ముగ్గురే తిరిగి వచ్చారు, ముసలమ్మ రాలేదు. రాత్రి వసారాలో పడుకున్న వాళ్ల కుక్క మాత్రం చలాకీగా ఉందని ఆ ఇంటి కుర్రవాడు చెప్పాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ రోజు నుంచి వాంతులతో ఇంటిల్లిపాదీ వస్తే మొదట అడిగే మాట "రాత్రి ఎక్కడ పడుకున్నారు, గదిలో ఏం మండుతోంది" అన్నదే.

మన ప్రాంతంలో ఈ అనుమానం త్వరగా రాకపోవడానికి మరో కారణం కూడా ఉందనిపిస్తుంది. కోనసీమలో గ్యాస్ అనగానే 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావిలోంచి ఎగిసి రెండు నెలలకు పైగా ఆరని మంట, 2014 జూన్‌లో నగరం అనే ఊరి దగ్గర గ్యాస్ గొట్టం పేలిన తెల్లవారుజాము గుర్తొస్తాయి. గ్యాస్ అంటే వాసన, శబ్దం, మంట. వంటగ్యాసు కూడా లీకైతే తెలియాలనే దానికి ఘాటు వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, కళ్లు మండించదు, దగ్గు తెప్పించదు. పొగ వస్తే పారిపోతాం. బాగా రగిలి, పొగ ఆగి, ఎర్రగా కణకణలాడే నిప్పుల దగ్గరకు చేతులు చాచి ఇంకా దగ్గరగా జరుగుతాం. ఈ వాయువు బాగా పుట్టేది సరిగ్గా ఆ నిప్పుల్లోనే.

ఇప్పుడు మీ అత్తగారి కుంపటి దగ్గరకు వద్దాం. ఆవిడతో వాదన పెట్టుకోకండి, ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. వాళ్ల అమ్మకు, అమ్మమ్మకు మంచం కింద కుంపటి పెట్టారు, కొబ్బరి చిప్పల నిప్పుల మీద సాంబ్రాణి వేసి తల ఆరబెట్టారు, పిల్లలు బతికి బట్టకట్టారు. కానీ ఆ పురిటి గది ఎలాంటిదో ఒకసారి ఆవిడనే చెప్పమనండి. తాటాకు ఇల్లయితే కప్పంతా గాలి. పెంకుటిల్లయితే పెంకుల సందుల్లోంచి వెలుతురు గీతలు పడేవి. మండువా లోగిలి అయితే ఇంటి నడుమ ఆకాశమే ఉండేది. నిప్పులో పుట్టినది పుట్టినట్టే పైకి పోయేది. ఇప్పుడు మీ ఇంటికి స్లాబు ఉంది, పక్కకు జరిపే అద్దాల కిటికీలు ఉన్నాయి, దోమలు రాకుండా తలుపు కింద రబ్బరు పట్టీ కూడా వేశారు, ఏసీ పెట్టించాక పైన వెంటిలేటర్ మూసేశారు. కట్టెల పొయ్యి వంటింట్లోంచి వెళ్లిపోయింది. పేద ఇళ్లకు వంటగ్యాసు ఇచ్చే పథకాలు, 1999లో దీపం, 2016లో ఉజ్వల వచ్చాక పొగ చాలా ఇళ్లలో తగ్గింది. కుంపటి మాత్రం పురిటి గదిలో అలాగే మిగిలింది. నిప్పు పాతదే, దాని చుట్టూ గోడలు బిగుసుకున్నాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. మీ జనరేటర్ విషయంలోనూ జరిగింది ఇదే.

కాబట్టి గదిలో కుంపటి వద్దు. తలుపు ఓరగా తీసి పెడతామన్నా వద్దు, నిప్పులు బాగా రగిలాక తెస్తామన్నా వద్దు. రగిలాకే ఎక్కువ ప్రమాదం అని పైన చెప్పాను. గిన్నెడు నీళ్లు పక్కన పెడితే విషం నీళ్లలోకి దిగుతుందని కొందరు నమ్ముతారు. ఆ వాయువు నీటిలో కరగడం నామమాత్రం. మంచం కింద పెట్టడం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే బాలింత, పసిబిడ్డ గంటల తరబడి కదలకుండా దాని మీదే ఉంటారు. వెచ్చదనం కోసమే అయితే మన డెల్టాలో ధనుర్మాసంలో కూడా పసిబిడ్డకు నిప్పు అవసరమయ్యే చలి ఉండదు. టోపీ, పొడిబట్ట, తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం చాలు. బాలింత తల ఆరడానికి పొడి తువ్వాలు, పొద్దుటి నీరెండ చాలు. సాంబ్రాణి వాసన లేకపోతే పురిటి ఇల్లనిపించదని అత్తగారు బాధపడితే, పెరట్లోనో, మూడు పక్కలా తెరిచి ఉన్న వసారాలోనో బాలింతను కూర్చోబెట్టి నాలుగు నిమిషాలు పట్టించి, నిప్పులు అక్కడే నీళ్లు పోసి ఆర్పేయమనండి. బిడ్డను ఆ పొగ దగ్గరకు తేవద్దు. నా అనుభవంలో "మానేయండి" అంటే వినని పెద్దవాళ్లు "చోటు మార్చండి" అంటే విన్నారు.

జనరేటర్ విషయంలో మాత్రం నేను ఇంత మెత్తగా మాట్లాడను. చిన్న పెట్రోలు జనరేటర్ ఒక్కటి విడిచే కార్బన్ మోనాక్సైడ్, పొగను శుద్ధి చేసే ఏర్పాటు ఉన్న నేటి కార్లు వందలు కలిసి విడిచేదానితో సమానం. పది లక్షల వంతుల గాలిలో ఎన్ని వంతులు ఉందో పీపీఎం అనే లెక్కలో చెబుతారు. 200 పీపీఎం ఉన్న గదిలో రెండు మూడు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. 400 దగ్గర మూడు గంటలు దాటితే ప్రాణం మీదకు వస్తుంది. 1600 అయితే ఒక గంట చాలు. మూసిన వసారాలో నడిచే జనరేటర్‌కు ఈ అంకెలు చేరడం కష్టమేమీ కాదు. మీరు వైరు లాగడానికి తలుపు సందు వదిలారు చూశారా, ఆ సందే దారి అయ్యింది. వసారాకు రెండు కిటికీలు తెరిచే ఉన్నాయని రాశారు. కిటికీలు తెరిచినా, ఫ్యాను పెట్టినా అది సరిపోదు. ఇంజను ఆపిన తర్వాత కూడా గంటల పాటు గదిలో నిలిచి ఉంటుంది. ఈ వాయువు గాలి కన్నా కాస్త తేలిక, అందుకే గది అంతా సమంగా కలిసిపోతుంది. కింద చాప వేసుకుంటే తగలదన్నది, మేడ మీద పడుకుంటే రాదన్నది రెండూ తప్పే.

ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ వచ్చే వైపు ఇంటికి ఎదురుగా లేకుండా పెట్టాలి. వాన పడుతుంది కాబట్టే లోపలికి తెస్తున్నారు, కాబట్టి ఆ సమస్యకు తుపాను హెచ్చరిక రాకముందే దారి చూడండి. పెరటి చివర నాలుగు గుంజలు పాతి పైన రేకు వేయండి, చుట్టూ ఏమీ కట్టకండి. కింద ఇటుకల దిమ్మె వేస్తే వాన నీరు తగలదు. పొడవైన, మందమైన వైరు కొనండి. అది మనం ఎప్పుడూ చివర్లో ఆలోచించే ఖర్చు, వైరు చాలకే చాలా జనరేటర్లు గుమ్మం దాకా వస్తాయి. పాలకొల్లు, భీమవరం వీధుల్లో ఇరవై అడుగులు వెళితే పక్కవాళ్ల పడకగది కిటికీ వస్తుంది. అలాంటి ఇళ్లకు జనరేటర్ వద్దనే నా సలహా. ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోండి. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఫోన్లకు అది చాలు. రాత్రి అందరూ నిద్రపోయే వేళకు జనరేటర్ ఆపేయడం ఎలాగూ మంచిది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి హెచ్చరిక అవుతుంది, నిద్రలో ఉన్నవాడికి ఏ హెచ్చరికా ఉండదు.

మీకు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉందని చివర్లో ఒక మాటగా రాశారు. నాకు అదీ ఆందోళనగానే ఉంది. కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలుతాయి. ఆ భయంతో జనరేటర్ తోలడానికి కాపలా మనిషి దాని పక్కనే పడుకుంటాడు. దొంగల భయానికి కొందరు జనరేటర్‌ను కాపలా పాకలోనే పెట్టి, దోమలకు పరదాలు దించేస్తారు. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కన్నా ఈ వాయువును తక్కువ విడుస్తుంది, నిజమే. కానీ పాత ఇంజను, మూసిన పాక, పది గంటల రాత్రి కలిస్తే ఆ తక్కువ కూడా చాలు. పైగా వానకు తడిసిన కాపలా మనిషి అదే పాకలో కొబ్బరి డొక్కలతో నిప్పు వేసుకుంటాడు. ఇంజనుకు వేరే షెడ్డు వేసి గొలుసు, తాళం వేయండి. పాక అవతలి గట్టు మీద, గాలి వచ్చే వైపు ఉండాలి. మీ చెరువులో ఆక్సిజన్ కొలవడానికి మీటరు ఉండే ఉంటుంది, ఆ పాకకు కూడా ఒక అలారం ఇవ్వండి.

అలారం కొనాలా అన్నదానికి జవాబు: కొనండి, మీ ఇంటికి ఒకటి కాదు రెండు. కానీ కొనేటప్పుడు జాగ్రత్త. పొగ అలారం వేరు, వంటగ్యాసు లీకు అలారం వేరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు. పెట్టె మీద కార్బన్ మోనాక్సైడ్ అన్న మాటతో పాటు యూఎల్ 2034 గానీ ఈఎన్ 50291 గానీ ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. బ్యాటరీతో నడిచేదే తీసుకోండి, ఎందుకంటే మనకు ప్రమాదం వచ్చేది కరెంటు లేని రాత్రే. పడకగదిలో, మంచం మీద నుంచి వినబడేలా గోడకు పెట్టండి. పొయ్యి పైన, కిటికీ పక్కన వద్దు. వారానికోసారి బటన్ నొక్కి చూడండి. లోపలి సెన్సరు ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది, గడువు తేదీ వెనుక ఉంటుంది. ఇంకొక సంగతి తెలిసి ఉండాలి. యూఎల్ ప్రమాణం ప్రకారం 400 పీపీఎం దగ్గర నాలుగు నుంచి పదిహేను నిమిషాల్లో మోగుతుంది, 70 దగ్గర మాత్రం గంట నుంచి నాలుగు గంటలు ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన లెక్క అది. గర్భిణి, గుండెజబ్బు మనిషి ఉన్న ఇంట్లో అలారం మోగలేదు కదా అని కుంపటి పెట్టుకోకూడదు.

ఇదే వాయువును విడవగల గ్యాస్ గీజర్, పొయ్యి గురించి రెండు మాటలు. గీజర్ బాత్‌రూమ్ లోపల ఉంటే ఈ వారమే బయటి గోడకు మార్పించండి. పొయ్యి మంట నీలంగా కాక పసుపుగా వస్తూ గిన్నెల అడుగున మసి పడుతుంటే బర్నర్ శుభ్రం చేయించండి.

ఎప్పుడైనా ఇలాంటి పరిస్థితి మళ్లీ వస్తే ముందు మనుషులు బయటకు రావాలి, తర్వాతే కారణం వెతకాలి. తలుపులన్నీ బార్లా తీస్తూ బయటకు రండి. లోపల ఎవరైనా పడిపోతే ఊపిరి బిగబట్టి లాక్కుని రాగలిగినంత దగ్గరలో ఉంటేనే వెళ్లండి. లేకపోతే కిటికీలు బయటి నుంచి పగలగొట్టించి, 108కీ 101కీ ఫోన్ చేయండి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే ఆగే వాయువు కాదిది. ఒకరిని తేబోయి వెనుక వెళ్లినవాళ్లు కూడా పడిపోయిన ఇళ్లు నేను చూశాను. ఒళ్లు ఎర్రగా మారుతుందని పుస్తకాల్లో రాస్తారు, బతికున్న మనిషిలో ఆ రంగు నాకు కనిపించింది బహు అరుదు. దానికోసం చూడకండి.

చివరగా మీ అమ్మగారు. స్పృహ తప్పిన మనిషి కాబట్టి ఆమె విషయం ముగిసిందనుకోవద్దు. ఈ విషం తగిలి పూర్తిగా కోలుకున్నట్టు కనిపించిన వాళ్లలో కొందరికి కొన్ని రోజుల నుంచి నలభై రోజుల మధ్యలో మెదడు మందగించడం మొదలవుతుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, రోజూ వెళ్లే గుడి దారిలో తడబడటం, అడుగులు చిన్నవి కావడం, ఊరికే ఏడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం. వయసు మీద పడిందని ఇంట్లో వాళ్లు సర్దుకుపోతారు. మీరు సర్దుకుపోవద్దు. నెలన్నర పాటు రోజూ ఆమెతో కాసేపు కూర్చుని మాట్లాడండి. వీటిలో ఏది కనిపించినా నరాల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి, ఆ రాత్రి జనరేటర్ సంగతి అన్నిటికన్నా ముందు చెప్పండి.